అచ్చొచ్చిన ఇల్లు

ఇల్లు అమ్మాలంటే ముందు ఇంట్లో మనిషిని దాచాలని ఇంకెవరైనా చెప్పి ఉంటే అనూరాధ నవ్వి ఊరుకునేది. చెప్పినవాడు సింహాద్రి. వీధి మొగలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకుని, పక్కన ఇళ్ళ బేరాలు చూసే మనిషి. అతను నవ్వులాటకి చెప్పలేదు.

"అక్కా, నీకు కోపమొచ్చినా సరే, నాను సెప్పీడమే. ఇల్లుకేటీ లోటు లేదు. గాలొస్తది, నీళ్ళొస్తాయి, బస్టాపు దగ్గర. కానీ మొన్నొచ్చినోళ్ళు గోడలు సూసి ఎల్లలేదు. బావని సూసి ఎల్లిపోయారు."

అది నిజమే. ముందటి ఆదివారం వచ్చిన మొగుడూపెళ్ళాలకి ఇల్లు నచ్చింది. వంటింటి గట్టు నచ్చింది, బాల్కనీలోంచి కనిపించే కొండ నచ్చింది. ఆఖర్న పడగ్గది తలుపు తీసేసరికి మంచం అంచున ఆమె మొగుడు అప్పలరాజు, ఎదురుగా వాకరు, కిటికీలో మందుసీసాలు. వచ్చినావిడ మొహం మారిపోయింది. మెట్లు దిగుతూ మొగుడితో అన్న మాట అనూరాధ చెవిన పడనే పడింది.

"వీళ్ళకి ఇల్లు అచ్చిరాలేదేమోనండీ."

ఆ తరవాత సింహాద్రి ఎన్నిసార్లు చేసినా వాళ్ళు ఫోనెత్తలేదు.

వాస్తు బాగులేకపోతే గుమ్మం మార్చుకోవచ్చు. వంటిల్లు ఆగ్నేయంలో లేకపోతే పొయ్యైనా జరుపుకోవచ్చు. అచ్చిరాని ఇంటికి మాత్రం మందు లేదు. ఆ మాట ఒకసారి పడిందంటే గాజువాక అంతా తిరిగి వస్తుంది.

అప్పలరాజు ఆటోనగర్‌లో వెల్డరు. రెండేళ్ళ కిందట ఒక షెడ్డు మీద రేకులు బిగిస్తూ జారి పడ్డాడు. తుంటి విరిగింది. ఆసుపత్రిలో లోపల రాడ్డు వేసి పంపారు. ఆ రోజు షెడ్డువాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఈ మేడమెట్ల మీద నలుగురూ మోసుకొచ్చారు. మళ్ళీ అతను ఆ మెట్లు దిగింది డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడే, అదే కుర్చీలో. ఇప్పుడు ఇంట్లో నడుస్తాడు. మెట్లు మాత్రం కాలు ఒప్పుకోదు. పొద్దస్తమానూ బాల్కనీలో కూర్చుని, కింద ఆటోల్లో వెళ్ళే కిటికీ గ్రిల్లులని చూసి, "ఆ టాకా అతుకు ఊడిపోద్దిరా, బాబూ!" అని అరుస్తుంటాడు. వినేవాళ్ళు లేరు.

ముత్యాలమ్మపాలెంలో, అనూరాధ తమ్ముడి ఇంటి పక్కన ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. నేల ఇల్లు. ముందు రేకుల పంచ. "లంగరు విరిగినా, ఇంజను స్టాండు పగిలినా మావోళ్ళు గాజువాక దాకా మోసుకుపోతన్నారు బావా. నువ్వొచ్చి ఆ పంచలో కూకో సాలు, పడవలే నీ దగ్గరికొస్తాయి," అన్నాడు తమ్ముడు. ఆ మాట విన్న రోజు అప్పలరాజు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. ఇల్లుగలాయన ఆషాఢం దాకా ఆగుతానన్నాడు. ఆషాఢం వచ్చాక ఎలాగూ ఎవరూ ఇళ్ళు కొనరు, కనీసం చూడ్డానికైనా గడప తొక్కరు. అది వెళ్ళాక ఆయన ఇంకెవరికైనా ఇచ్చేస్తాడు.

అంటే ఈ ఇల్లు అమ్ముడైతే అప్పలరాజు నేల మీదకి దిగుతాడు. కాకపోతే ఈ బాల్కనీయే అతని ఊరు. అనూరాధకి లెక్క ఇంతే.

అందుకని సింహాద్రి ఏం చెప్తే అది చేసింది. హాలుకి లేత పసుపు రంగు వేయించింది. కిటికీ ఊచలు సబ్బునీళ్ళతో కడిగింది. పొద్దున్న కడిగితే సాయంత్రానికి వేలికి నల్లగా అంటుకునే ఫ్యాక్టరీల బూడిద ఇక్కడ మామూలే కాబట్టి, సాయంత్రం మళ్ళీ కడిగింది. మందుసీసాలు బియ్యం డబ్బాలోకి వెళ్ళాయి. వాకరు మేడ మీద నీళ్ళట్యాంకు వెనక్కి వెళ్ళింది. వచ్చేవాళ్ళు నీసు తింటారో తినరో తెలీదు కాబట్టి వారం రోజులు ఇంట్లో చేప వండకూడదన్నాడు సింహాద్రి. జాలరోళ్ళ ఇంట్లో వారం రోజులు బీరకాయ!

"ఏటే రాధా, నాను పడిపోయి ఆసుపత్రిలో ఉన్నప్పుడైనా ఇంత సప్పిడి కూడెట్టలేదు," అన్నాడు అప్పలరాజు, కంచం వంక చూసి.

"ముత్యాలమ్మపాలెం ఎల్లాక సముద్రం మొత్తం తిందువుగాని మావా. ఇప్పటికి తిను."

ఇవన్నీ ఒక ఎత్తు. కమ్మీలు ఒక ఎత్తు.

ఆసుపత్రినించి వచ్చిన కొత్తలో అప్పలరాజు మంచం దిగలేకపోయేవాడు. షెడ్డులో తోటివాళ్ళని ఇనప పైపు ముక్కలు తెమ్మని, మంచం మీదే కూర్చుని కొలతలు చెప్పి, కొన్ని తానే చేసుకుని, తరవాత కుర్చీలో జరుగుతూ గోడలకి బిగించుకున్నాడు. మంచం దగ్గర ఒకటి, అక్కణ్ణుంచి హాలు పొడుగునా నడుము ఎత్తున, బాల్కనీ దాకా, బాత్రూములో. అవి పట్టుకుని లేచాడు, అవి పట్టుకుని నడిచాడు. "వొంట్లో ఒక రాడ్డు, గోడల్లో ఇన్ని రాడ్లు. తుక్కుకి తూసినా నాకు మంచి ధరొస్తాది," అనేవాడు.

"ఈ కమ్మీలేటి బావా, ఇల్లు వార్డులాగుంది," అన్నాడు సింహాద్రి, మొహమాటపడుతూనే.

అప్పలరాజు గోడ పొడుగునా కమ్మీని ఈ చివర్నించి ఆ చివరి దాకా చూశాడు. తరవాత, "రాధా, ఆ గ్రైండరు ఇలా తే," అన్నాడు.

కుర్చీలో కూర్చుని, కుర్చీ జరిపించుకుంటూ, తాను బిగించిన బోల్టులు తానే కోసుకుంటూ వచ్చాడు. నిప్పురవ్వలు నేల మీద పడి ఆరిపోతున్నాయి. మంచి పని చేస్తున్నాడని కాదు గానీ, అనూరాధ ఆ మొహం మీంచి చూపు తిప్పుకోలేకపోయింది. ఎన్నాళ్ళుగానో కనపడని మొహం అది. కళ్ళు చికిలించి, నాలిక చివర పళ్ళమధ్య పెట్టుకుని, పక్కన మనిషి ఉన్నదన్న ధ్యాస లేకుండా పని చేసుకునే మొహం. ఈ మనిషిని ఎలాగైనా కిందికి దించాలి అనుకుంది. అబద్ధమాడైనా సరే.

బాత్రూములో కమ్మీ దగ్గరికి వచ్చేసరికి ఆమే ఆపింది. "ఇది ఉండనీ మావా. ఇదీ తీసేత్తే పొద్దున్నే ఏటి సేత్తావు?" దాని మీద ఒక తువ్వాలు ఆరేసింది. దూరం నించి చూస్తే తువ్వాళ్ళ కమ్మీయే అనుకుంటారు. మిగిలిన చోట్ల బోల్టుల కన్నాలకి పుట్టీ పూసి, పైన రంగు రాయించింది. అప్పట్నించీ అప్పలరాజు ఆమె భుజం పట్టుకుని నడుస్తున్నాడు. భుజం లేనప్పుడు కూర్చుంటున్నాడు.

ఆదివారం పొద్దున్నే అతన్ని ఎదురు వాటాలో పాపాయమ్మ ఇంటికి దాటించారు. మధ్యలో మెట్ల దగ్గర చిన్న వరండా, అంతే దూరం. పాపాయమ్మ అద్దెకున్న మనిషి. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. అప్పలరాజుని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, "అన్నయ్యా, నువ్వు బీరకాయకి సిక్కిపోయావు. ఎండు నెత్తళ్ళు పులుసెట్టాను, ఉండు," అంది.

సింహాద్రి ఆవిడకీ పాఠం చెప్పాడు. "ఎవులొచ్చినా పక్కింటోళ్ళని అడగకుండా ఇల్లు కొనరు. నిన్నడిగితే ఏటి సెప్తావు?"

"బంగారం లాటి ఇల్లంటాను. కలిసొచ్చి ఇంకా పెద్దిల్లు కొనుక్కుని ఎల్తన్నారంటాను."

"ఆయనేరీ అంటే?"

"డూటీ అంటాను. నన్నడిగీవోడేటి నువ్వు!"

పదిగంటలు దాటాక ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. కోడలు ఆశాజ్యోతి, బడిలో టీచరు. ఆమె భర్తకి స్టీల్‌ప్లాంటులో షిఫ్టు ఉండి రాలేదు. అత్త అసిరమ్మ. పొట్టిగా, గట్టిగా, ముక్కుకి పెద్ద బేసరితో ఉంది. మెట్ల కమ్మీ పట్టుకుని, మోకాలు మీద చెయ్యేసి, ఒక్కో మెట్టూ తిట్టుకుంటూ ఎక్కింది. అదీ అప్పలరాజు వేసిందే, పడక ముందు. కానీ మెట్లకి కమ్మీ ఎవరింట్లోనైనా ఉంటుందని దాన్నెవరూ తీయించలేదు.

"నీళ్ళు తాగండమ్మా," అంది అనూరాధ.

"వద్దమ్మీ. బేరానికొచ్చినోళ్ళు నీళ్ళు తాగితే నోరు మెత్తబడిపోద్ది. మాది పద్మనాభం. మా ఊళ్ళో గేదె బేరానికెల్లినా మజ్జిగ ముట్టుకోం," అని అసిరమ్మ హాలు మధ్యలో నిలబడి నాలుగు వైపులా చూసింది.

ఆశాజ్యోతి గదులు చూసింది, కుళాయిలు తిప్పింది, ఫోనులో దిక్కులు చూసుకుంది. అసిరమ్మ వస్తువులు చూడలేదు. గోడ మీద అరచేత్తో రాసి చూసింది. నడుము ఎత్తున ఒకచోట ఆగింది. ఇంకో చోట ఆగింది. బాత్రూములోకి వెళ్ళి, గడప దాటుతూ ఆసరాకి తువ్వాలు మీద చెయ్యేసింది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

బయటికొచ్చి అడిగింది. "ఇల్లు మీకు అచ్చొచ్చిందా అమ్మీ?"

అనూరాధ వారం రోజులుగా వంటింట్లో తనలో తాను వల్లెవేసుకున్న జవాబే. అయినా బయటికి వచ్చేసరికి పొడిగా వచ్చింది.

"అచ్చొచ్చిందమ్మా. అందుకే… ఇంకాస్త పెద్దది చూసుకున్నాం."

"మీ ఆయన?"

"డ్యూటీకెళ్ళారు."

"ఆదివారం పూటా?"

"ఓటీ ఉందమ్మా," అన్నాడు సింహాద్రి, అడక్కుండానే.

అసిరమ్మ తలూపింది. చెప్పులు వేసుకుంది. వెళ్ళిపోతుందేమో అనుకున్నారు. వరండా దాటి నేరుగా పాపాయమ్మ తలుపు తోసింది.

పక్కింటివాళ్ళని అడుగుతారని పాపాయమ్మకి అంత పాఠం చెప్పిన సింహాద్రికి గానీ, విన్న ఆడవాళ్ళిద్దరికీ గానీ, అడగడానికి వచ్చే మనిషి ఆ ఇంట్లోకే వస్తుందన్న సంగతి తట్టలేదు. సింహాద్రి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. అనూరాధ గుమ్మం దగ్గరికి పరుగున వచ్చి అక్కడే ఆగిపోయింది. వెళ్తే ఏమని వెళ్తుంది? ఎదురు గుమ్మానికి కర్టెను వేలాడుతోంది. దాని వెనక నించి పులుసు వాసన, మాటలు.

"ఓలమ్మ, రండి రండి," పాపాయమ్మ కంగారు. "ఈయన… ఈయన మా అన్నయ్య. ఊర్నించొచ్చాడు. పద్మనాభం."

అనూరాధ కళ్ళు మూసుకుంది. భూమ్మీద ఇన్ని ఊళ్ళుండగా!

"పద్మనాభమా! మాదీ అదే," అంది అసిరమ్మ. గొంతులో వెటకారం లేదు, అదే భయం వేసింది. "ఏ వీధి అన్నా? గుడి కొండ మెట్ల కాడా?"

కంచంలో చెయ్యి ఆగిన చప్పుడు కూడా వినిపించినట్టే ఉంది.

"మెట్లకి… దూరంగానేనమ్మా," అన్నాడు అప్పలరాజు.

"మంచిదే. మెట్లకి దూరంగా ఉంటేనే మంచిది. నాకూ మోకాళ్ళే." కుర్చీ జరిగింది. అసిరమ్మ కూర్చున్నట్టుంది. "తిను తిను, సెయ్యి కడిగీకు. ఒక్కమాట అడుగుతాను. నువ్వు వత్తా పోతా ఉంటావు కదా, నీకు తెలిసుంటాది. ఆ ఎదురింటోళ్ళకి ఇల్లు అచ్చొచ్చిందా?"

పాపాయమ్మ అందుకుంది. "బంగారం లాటి—"

"నిన్ను కాదమ్మీ. అన్నని."

అనూరాధ గడప దాటి వరండాలోకి వచ్చింది. ఎదురింటికి ఎన్ని పాఠాలు చెప్పినా, అప్పలరాజుకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్కడ లేని మనిషికి పాఠమెందుకు?

"ఆ ఇంటాయన పడ్డాడమ్మా," అన్నాడు అప్పలరాజు.

సింహాద్రి గోడకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చున్నాడు. ఆశాజ్యోతి గదిలోంచి వచ్చి అనూరాధ పక్కన నిలబడింది. ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు.

"ఇంట్లోనా పడ్డం?"

"ఇంట్లో కాదు. ఆటోనగర్లో, షెడ్డు మీంచి. ఆడి అజాగర్త. తాడు కట్టుకోమంటే కట్టుకోలేదు, పెద్ద మొనగాడు." గొంతు సవరించుకున్నాడు. "పడ్డం బయట పడ్డాడమ్మా. లేవడం మట్టుకు ఆ ఇంట్లోనే లేచాడు. మంచమ్మీంచి బాల్కనీ దాకా రాడానికి ఎన్నాళ్ళు పట్టిందో. రోజుకొక గోడ. ఆ గోడలు మాట్లాడితే బాగున్ను, ఆడు తిట్టిన తిట్లన్నీ సెప్పును."

"మరెందుకమ్ముతున్నారు?"

"మెట్లు. కమ్మీ ఏసినా మెట్లు మెట్లే. ఆడికి నేల మీద కూకుని పని సేసుకోవాలని. పని లేకపోతే ఆడు మనిషి కాదు, కుర్చీలో మూట. ఆ పిల్ల మీకు అచ్చొచ్చిందని సెప్పుంటాది. పెద్దిల్లు, గిద్దిల్లు అనుంటాది. అది ఈ బ్రోకరోడు నేర్పింది. కానీ అచ్చొచ్చిందన్న మాట మట్టుకు అబద్ధం అనుకోకండి. సచ్చిపోతాడన్నోడు ఆ ఇంట్లో నడిసాడు. అంతకన్నా అచ్చి రాడవంటే ఏటో నాకు తెల్దు."

కర్టెను గాలికి కొంచెం కదిలింది. అనూరాధ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండేళ్ళలో ఒక్కసారి కూడా తనతో ఈ మాట అనలేదు, దొంగమొహం. పరాయి ఇంట్లో కూర్చుని, పరాయి మనిషికి, పరాయివాడి సంగతిలా చెప్తున్నాడు.

అసిరమ్మ మామూలుగా, కూర ధర అడిగినట్టు అడిగింది.

"బాత్రూములో ఆ తువ్వాళ్ళ కమ్మీ నీ పనేనా అన్నా?"

"…ఊగిందా?"

"ఊగలేదు. నా బరువంతా ఏసాను."

"ఊగదు," అన్నాడు అప్పలరాజు. ఆ ఒక్కమాటలో రెండేళ్ళ కిందటి మనిషి ఉన్నాడు.

పాపాయమ్మకి నవ్వాగలేదు. ఆవిడ నవ్వితే వీధి మొగకి వినిపిస్తుంది. అసిరమ్మ కూడా నవ్వింది. "తువ్వాలుకి అంత లావు కమ్మీ ఎవులేస్తారన్నా? కోకలకేసినా ఎక్కువే. గోడ మీదంతా సెయ్యెట్టుకుంటా వచ్చాను, పుట్టీ కన్నాలే. పద్మనాభం నించి పురిటికి ఎల్లినా, పెళ్ళికి ఎల్లినా గోడ పట్టుకునే మనిషిని నాను, నాకు తెల్దేటి? ఎన్ని తీసేసారు?"

"ఇంట్లోయి అన్నీ. ఆ ఒక్కటీ రాధ తీయనీలేదు."

అసిరమ్మ కర్టెను తోసుకుని బయటికి వచ్చింది. వరండాలో కొంగు నోటికి పెట్టుకున్న అనూరాధ, నేల మీద సింహాద్రి, మధ్యలో కోడలు. ముగ్గురినీ చూసింది.

"ఏటి బాబూ, పెద్దిల్లు బ్రోకరూ, కిందడిపోయావా?"

"అమ్మా, అది…" సింహాద్రి లేవబోయాడు.

"కూకో." అనూరాధ వైపు తిరిగింది. "అమ్మీ, నాను నీళ్ళు వద్దన్నాను కదా. ఇప్పుడు తే."

అనూరాధకి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. తరవాత లోపలికి వెళ్ళి, గ్లాసు కడిగి, మళ్ళీ కడిగి, నీళ్ళు తెచ్చింది. అసిరమ్మ గుమ్మంలో నిలబడి గుక్కెడు తాగి మిగిలింది కోడలికి ఇచ్చింది.

"అత్తయ్యా, మీ అబ్బాయిని ఒకసారి—" అంది ఆశాజ్యోతి.

"ఆడొచ్చి సూస్తాడు, సూడకేటి. ఆడికి బాల్కనీ సూపించు సాలు. నాకు మట్టుకు ఇల్లు నచ్చింది. ఈ మోకాళ్ళతో నాను ఓ పాలి పైకొచ్చానంటే మళ్ళీ దిగీదానివి నువ్వేగానీ నాను కాదు. ఇంట్లో మట్టుకు గోడకి గోడకి తిరగాలి కదా." అనూరాధ చెయ్యి పట్టుకుంది. "ఆషాఢం రాకముందే కాయితం రాసీసుకుందాం. ఒక్కటే, ఆ కమ్మీలు తుక్కోడికి ఏసీలేదు కదా?"

"లేదమ్మా. మంచం కింద ఉన్నాయి."

"ఎక్కడివక్కడ మళ్ళీ పెట్టించు. రంగు పోతే పోనీ. ఏ సెయ్యేసాడో ఆ సెయ్యే ఏస్తే మంచిది. ఊగకుండా."

వాళ్ళు దిగి వెళ్ళారు. అసిరమ్మ దిగుతున్నంతసేపూ మెట్ల కమ్మీని ఒక్కోచోట పట్టి ఊపి చూస్తూ దిగింది. ఎక్కడా ఊగలేదు.

సింహాద్రి చొక్కా దులుపుకుని లేచాడు. "అక్కా, నాను సెప్పిందేటి? పక్కింటోళ్ళు మంచి మాట సెప్తే బేరం కుదిరిపోద్దని సెప్పానా లేదా?" అన్నాడు. పాపాయమ్మ గరిటె పట్టుకుని బయటికి వచ్చింది గానీ అతను అప్పటికే సగం మెట్లు దిగిపోయాడు.

అనూరాధ కర్టెను తీసి లోపలికి వెళ్ళింది. అప్పలరాజు ఖాళీ కంచం ముందు, తప్పు చేసిన పిల్లాడిలా కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఇంకా కడుక్కోలేదు.

"నోరు మూసుకుని కూకుంటే సాలదా మావా? పద్మనాభమంట, పద్మనాభం!"

"అది పాపాయి అంది. నానన్నానా?"

"అన్నీ సెప్పీసావు."

"అచ్చొచ్చిందనే కదే సెప్పాను. అబద్ధమాడానా?"

ఆమె భుజం వంచి అతని ముందు నిలబడింది. అతను పట్టుకుని లేచాడు. వరండా దాటి, కొత్త రంగు వాసన వేస్తున్న హాలులోకి వచ్చాక అతని రెండో చెయ్యి అలవాటుగా గోడ వైపు వెళ్ళింది. అక్కడ కమ్మీ లేదు. అరచెయ్యి గోడకే ఆనింది, పులుసు చేతితోనే. లేత పసుపు గోడ మీద ఎర్రగా ఐదు వేళ్ళూ పడ్డాయి.

ఇద్దరూ దాన్ని చూశారు.

"తుడిసీనా?" అన్నాడు.

"ఉండనీ. ఎలాగూ అక్కడే కమ్మీ బిగించాలి." అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మంచం కిందికి వంగి పైపు ముక్కలు ఒక్కొక్కటీ ముందుకి లాగుతూ అడిగింది. "ముందిది సెప్పు. నెత్తళ్ళు నాకేటైనా మిగిల్చావా, అంతా ఊడ్చీసావా?"